తుడిచిన పలకపై తొలి అక్షరం

బడిపిల్లవాడు పలకమీద వ్రాసినదంతా తడిగుడ్డతో తుడిచివేసినా వాడికి వచ్చిన నష్టమేమీ లేదు. అక్షరాలు పలకమీదినుంచి పోయినవే గాని వాడి మనస్సులోనుంచి పోలేదు. బలపం చేతబట్టి మళ్ళీ ‘అ’ నుంచి మొదలుపెట్టగలడు. కంప్యూటరు సంగతి అట్లా కాదు. దాని పలక తుడుచుకొనిపోయినప్పుడు వ్రాతతోబాటు వ్రాయటం, చదవటం అనే విద్య కూడా పోతుంది. విద్యుత్తు ఉన్నది, మీటలు ఉన్నవి, తెర వెలుగుతున్నది. కాని ఏ మీట నొక్కితే ఏమి చేయవలెనో ఆ యంత్రానికి తెలియదు. అట్టి యంత్రానికి తొలి అక్షరం ఎవరు దిద్దించాలి? ఆ అక్షరాన్ని ఎక్కడ దాచి ఉంచాలి? కంప్యూటర్లు పుట్టిననాటినుంచి ఇంజనీర్లను వేధించిన ప్రశ్న ఇది. 1949 మొదలు నేటివరకు దీనికి వారు చెప్పిన సమాధానాలు ఒకదాని తరువాత ఒకటిగా మారుతూ వచ్చినవి.

ఇది ఎక్కడో ప్రయోగశాలలలోని ప్రశ్న అనుకొనరాదు. 1998 నవంబరు 4న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రిజిస్ట్రేషను కచేరీలలో ‘కార్డ్’ అనే పథకం ప్రారంభించినప్పటినుంచి భూమి దస్తావేజులు క్రమంగా కంప్యూటర్లలోకి ఎక్కినవి. బ్యాంకి పద్దులు, కరెంటు బిల్లులు, పరీక్షల దరఖాస్తులు అన్నీ అదే త్రోవ పట్టినవి. నేడు గౌతమికీ వశిష్ఠకూ నడుమనున్న కోనసీమలో, అమలాపురంవంటి పట్టణంలో, శుభలేఖలు కూర్చే చిన్న దుకాణం మొదలు పెద్ద కళాశాల వరకు అందరూ ఆ పలకమీదనే వ్రాసుకొంటున్నారు. ఒక భాగాన్ని తుడవబోయి మరొక భాగాన్ని తుడిస్తే ఆ పూట పని నిలిచిపోతుంది. ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి కూడబెట్టినది పోతుంది. ఈ రెండు నష్టాలూ ఒకటి కావు. వాటి భేదం తెలిసికొనటమే ఈ విషయంలో ముఖ్యం.

పోయినదేమి?

కంప్యూటరును నడిపించే మూల వ్యవస్థను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. పెద్ద గిడ్డంగిలో గుమాస్తా చేసే పనివంటిది దాని పని. ఏ బస్తా ఏ గదిలో ఉన్నదో, ఎవరికి ఎంత ఇవ్వాలో, వచ్చిన సరుకు ఎక్కడ దించాలో గుమాస్తాకు తెలుసు. అట్లాగే ఏ ఫైలు ఫలకంలో ఎక్కడ ఉన్నదో, ఏ పనికి ఎంత జ్ఞాపకస్థలం కావలెనో, మీటలు నొక్కినప్పుడు తెరమీద ఏమి కనబడవలెనో చూచేది ఈ వ్యవస్థ. విచిత్రమేమనగా, ఈ గుమాస్తా కూడా అదే గిడ్డంగిలో ఒక మూల నివసిస్తాడు. గిడ్డంగిని ఖాళీ చేయమని ఆజ్ఞాపిస్తే సరుకుతోబాటు అతడూ వెళ్ళిపోతాడు.

ఈ నష్టం జరగటానికి ఫలకమంతా చెడనక్కరలేదు. 1983లో ఐ.బి.యం. వారు తమ చిన్న కంప్యూటరులో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కును అమర్చినప్పుడు దాని మొట్టమొదటి గదిని ఒక ముఖ్యమైన పనికి కేటాయించినారు. ఆ గది పరిమాణం 512 బైట్లు. అందులో 446 బైట్లు యంత్రాన్ని మేలుకొలిపే ఆదేశాలు; 64 బైట్లు డిస్కులోని విభాగాల హద్దులు తెలిపే పట్టిక; చివరి 2 బైట్లు ‘ఇది సరియైన గదియే’ అని చెప్పే గుర్తు. హద్దురాళ్ళవంటి ఆ 64 బైట్లు చెరిగిపోతే చాలు, 10 మెగాబైట్ల పొలమూ ఖాళీ బీడుగా కనిపిస్తుంది. లోపల పంట ఉన్నా యంత్రానికి కానరాదు. ఈ ప్రమాదం గుర్తించి తరువాతి కాలపు పద్ధతిలో ఆ పట్టికను డిస్కు మొదట ఒక ప్రతి, చివర మరొక ప్రతి ఉంచసాగినారు.

వ్రేళ్ళనుంచి చిప్పులోకి

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో 1949 మే 6న ఎడ్‌సాక్ అనే కంప్యూటరు మొదటిసారి పనిచేసినది. దాని జ్ఞాపకం పాదరసం నింపిన గొట్టాలలో ఉండేది. విద్యుత్తు ఆపితే ఆ జ్ఞాపకమంతా మాయం. కనుక ప్రతి ఉదయమూ అది ఏమీ తెలియని యంత్రమే. కాగితపు పట్టీమీద రంధ్రాలుగా ఉన్న ఆదేశాలను చదవాలన్నా, ‘ఇట్లా చదవవలెను’ అని ముందుగా ఎవరో దానికి చెప్పాలి. డేవిడ్ వీలర్ అనే యువకుడు దీనికి ఉపాయం పన్నినాడు. టెలిఫోను ఎక్స్‌చేంజీలలో వాడే తిరుగుడు స్విచ్చులలో 31 ఆదేశాలను తీగలతో శాశ్వతంగా బిగించినారు. మీట నొక్కగానే అవి జ్ఞాపకంలోకి చేరేవి. ఆపైన యంత్రం కాగితపు పట్టీ చదవటం మొదలుపెట్టేది. వాటికి ‘తొలి ఆదేశాలు’ అని పేరు. కంప్యూటరును మొదలుపెట్టటాన్ని ‘బూట్’ చేయటం అనే మాట కూడా ఈ చిక్కునుంచి పుట్టినదే. మనిషి తన బూటు పట్టీలు తానే పట్టుకొని పైకి లేచినట్లు, యంత్రం తన్ను తానే లేపుకొనవలసి వచ్చినదని దాని భావం.

తరువాత కొన్ని యంత్రాలలో ఈ భారం మనిషి వ్రేళ్ళమీద పడినది. 1965లో అమెరికాలో వెలువడిన పి.డి.పి.-8 అనే కంప్యూటరు ముందుభాగాన స్విచ్చుల వరుస ఉండేది. దానిని నడిపేవారు 17 మాటల చిన్న ఆదేశమాలను స్విచ్చులు పైకీ క్రిందికీ వేస్తూ ఒక్కొక్క మాటగా ఎక్కించేవారు. ఆ ఆదేశమాల కాగితపు పట్టీనుంచి కొంచెం పెద్ద ఆదేశమాలను చదివేది. అది అసలు పనిని చదివేది. చిన్న దివ్వెతో పెద్ద దీపం, పెద్ద దీపంతో కాగడా వెలిగించినట్లు మూడు అంచెలలో పని జరిగేది. ఒక్క స్విచ్చు తప్పినా మళ్ళీ మొదటినుంచి ఆరంభించవలసినదే.

ఆ తరంలోనే భారతదేశం కూడా కంప్యూటర్ల నిర్మాణానికి పూనుకొన్నది. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపించబడినది. దానికి తొలి సారథి అయ్యగారి సాంబశివరావు. ఆయన స్వగ్రామం మోగల్లు, వశిష్ఠకు ఆవలి వైపున, పశ్చిమ గోదావరి జిల్లాలో ఉన్నది. ట్రాంబే అణుశక్తి కేంద్రంలో రూపొందిన 12 బిట్ల టి.డి.సి.-12 కంప్యూటరు 1969లో ఈ సంస్థనుంచి వెలువడినది. ఆ విధంగా యంత్రానికి తొలి అక్షరం దిద్దే విద్య తెలుగు గడ్డమీద అడుగుపెట్టినది.

1981 ఆగస్టులో వచ్చిన ఐ.బి.యం. పర్సనల్ కంప్యూటరు మామూలు మనిషిని స్విచ్చులనుంచి విముక్తుణ్ణి చేసినది. చెరపటానికి వీలులేని చిప్పులో, అనగా రోమ్‌లో, తొలి ఆదేశాలు ముద్రించి పెట్టినారు. డిస్కు ఏదీ లేకున్నా ఆ యంత్రం మేలుకొని, రోమ్‌లోనే ఉన్న బేసిక్ భాషతో పలుకరించేది. నేటికీ డిస్కు పూర్తిగా తుడుచుకొనిపోయిన కంప్యూటరులో మీట నొక్కితే తెరమీద ఏదో ఒక సందేశం కనబడటానికి కారణం ఇట్టి చిప్పే. ‘లేపదగిన డిస్కు కనబడలేదు’ అని అది తెలుపుతుంది. అది మరణవార్త కాదు. తొలి అక్షరం ఎక్కడినుంచైనా తెచ్చి ఇమ్మని యంత్రం చేసే ప్రార్థన.

ఫ్లాపీలు, సీడీలు

1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95ను ఫ్లాపీలమీద కొన్నవారికి 13 ఫ్లాపీలు వచ్చేవి. ఒకటొకటిగా వాటిని మారుస్తూ గంటలు కూర్చోవలసి ఉండేది. పదకొండవ ఫ్లాపీకి బూజు పట్టినదంటే అంతవరకు చేసిన శ్రమ వృథా. ఆ సంవత్సరమే సీడీనుంచి నేరుగా యంత్రాన్ని లేపే పద్ధతి ప్రకటించబడినది గాని, అది అన్ని యంత్రాలకూ అందటానికి కొన్ని సంవత్సరాలు పట్టినది. అంతవరకు సీడీ చేతిలో ఉన్నా, సీడీని చదవటం యంత్రానికి నేర్పే ఫ్లాపీ మరొకటి కావలసి వచ్చేది.

ఆ రోజులలో ‘ఫార్మాట్’ అనే ఆజ్ఞ పేరు వింటేనే గుమాస్తాలకు గుండె దడ. అది పని ఆరంభించేముందు డిస్కులో ఉన్నదంతా పోతుందని హెచ్చరించి, అవునా కాదా అని అడిగేది. అవును అనటానికి ఒక్క అక్షరం చాలు. అడిగినదానికల్లా ఆలోచించకుండా అవును అనే అలవాటున్న చేయి అక్కడ కూడా అదే అనేది.

పొరపాటునుంచి పుట్టిన స్వాతంత్ర్యం

ఇట్టి పొరపాటు ఒకటి ప్రపంచ చరిత్రలో మేలుకు దారితీసినది. ఫిన్లండు దేశంలో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో తన ఇంటి కంప్యూటరుమీద మినిక్స్ అనే వ్యవస్థను వాడుతూ, తీరిక వేళల్లో సొంత వ్యవస్థ నొకదానిని వ్రాసుకొంటున్నాడు. ఆ సంవత్సరం చివరిభాగంలో ఒకనాడు విశ్వవిద్యాలయపు కంప్యూటరుతో మోడెము ద్వారా మాట్లాడబోయి, మోడెముకు పంపవలసిన ఆదేశాలను హార్డ్ డిస్కుకు పంపినాడు. మినిక్స్ ఉన్న విభాగం చెడిపోయినది. ఇప్పుడు ఆయన ముందు రెండు దారులు ఉన్నవి: మినిక్స్‌ను మళ్ళీ ఎక్కించటం ఒకటి; తాను వ్రాస్తున్న వ్యవస్థనే తన కాళ్ళపై నిలబడేటట్లు చేయటం మరొకటి. ఆయన రెండవ దారి పట్టినాడు. ఆ వ్యవస్థయే లినక్స్. ఎవరైనా ఉచితంగా ప్రతి తీసికొనవచ్చు, మార్చుకొనవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు అన్న షరతుతో అది ప్రపంచమంతటా వ్యాపించినది. చెడిన కంప్యూటరు గల పేద విద్యార్థికి దీనివలన కలిగిన మేలు తక్కువది కాదు. పోయిన వ్యవస్థను మళ్ళీ ఎక్కించటానికి ఎవరి అనుమతీ, ఏ రహస్య సంఖ్యా అక్కరలేదు.

మళ్ళీ లేచిన యంత్రం తెలుగు మాట్లాడునా?

ఇంగ్లీషు తెలిసిన వాడికి వ్యవస్థ ఎక్కించటంతో పని ముగుస్తుంది. తెలుగులో వ్రాసుకొనేవాడికి అక్కడ సగమే అయినట్లు. 1991 అక్టోబరులో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగు లిపికి చోటు దొరికినది. అందులో తెలుగుకు కేటాయించిన స్థానాలు 128. కాని ప్రమాణంలో చోటు వేరు, ఇంటి కంప్యూటరులో చోటు వేరు. 2001 అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగు అక్షరాలు ఉన్నవి. వాటి పేరు ‘గౌతమి’; కోనసీమకు తూర్పు హద్దుగా ప్రవహించే గోదావరి పాయ పేరే. అయితే వ్యవస్థను క్రొత్తగా ఎక్కించినప్పుడు ఆ అక్షరాలు తమంతట తాము రావు. భాషల అమరికలోకి వెళ్ళి, సంక్లిష్ట లిపులకు కావలసిన ఫైళ్ళను చేర్చమని ఒక గడిలో గుర్తు పెట్టాలి. అప్పుడు యంత్రం అసలు సీడీని మళ్ళీ అడిగేది. సీడీ ఎవరికో అరువిచ్చినవాడి తెరమీద తెలుగు పత్రికలు ఖాళీ డబ్బాల వరుసలుగా కనిపించేవి. 2007లో విండోస్ విస్టా వచ్చినప్పటినుంచి ఈ ఇబ్బంది తీరినది.

అచ్చు దుకాణాల కష్టం ఇంకొక విధమైనది. వారు ఎక్కువగా వాడిన ‘అను’ వంటి అక్షరాలు యూనికోడ్ పద్ధతివి కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు రూపాలను కూర్చినవి. ఆ అక్షరాల సామగ్రి తిరిగి ఎక్కించకపోతే, ఫైలు భద్రంగా ఉన్నా, శుభలేఖలోని వధూవరుల పేర్లు అర్థంలేని ఇంగ్లీషు గుర్తులుగా కనబడతవి. వ్యవస్థ వచ్చినది, ఫైలు వచ్చినది, భాష రాలేదు!

ఈ లోటు తీర్చటానికి తెలుగువారు చేసిన కృషి స్మరింపదగినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే యూనికోడ్ అక్షరాలను రూపొందించి అందరికీ ఉచితంగా ఇచ్చినారు. 2005లో హైదరాబాదు కేంద్రంగా ‘స్వేచ్ఛ’ అనే ఉద్యమం మొదలై, లినక్స్ ఆధారంగా తెలుగు వ్యవస్థను తయారుచేయటానికి పూనుకొన్నది. విద్యార్థులు, ఉద్యోగులు స్వచ్ఛందంగా కూర్చుండి పట్టికలలోని మాటలను ఒక్కొక్కటిగా తెలుగు చేసినారు. టోర్వాల్డ్స్ పొరపాటునాడు తీసికొన్న నిర్ణయం ఈ విధంగా తెలుగు పలకవరకు వచ్చి చేరినది.

తిరిగి తెచ్చుకొనే వరుస

డిస్కు పొరపాటున తుడుచుకొనిపోయినప్పుడు చాలామంది చేసే పని వెంటనే వ్యవస్థను మళ్ళీ ఎక్కించటం. ఇది తొందరపాటు. సాధారణంగా తుడవటం అంటే డిస్కులోని వ్రాతను గీకివేయటం కాదు. గ్రంథాలయంలో పుస్తకాల పట్టీని చించివేయటం వంటిది. పుస్తకాలు బీరువాలలోనే ఉంటవి. క్రొత్త పుస్తకాలు తెచ్చి వాటిమీద పేర్చినప్పుడే పాతవి నిజంగా పోతవి. క్రొత్తగా ఎక్కించే వ్యవస్థ అట్టి క్రొత్త పుస్తకాల బండి. కనుక మొదటి నియమం: ఆ డిస్కుమీద ఇంకేమీ వ్రాయకుండా యంత్రాన్ని ఆపివేయాలి. రెండవది: డిస్కును ఊడదీసి వేరొక కంప్యూటరుకు తగిలించి, పోయిన ఫైళ్ళను వెదకే సాధనాలతో దొరికినవి మరొక చోటికి ఎత్తుకొనాలి. మూడవది: ఆ తరువాతనే వ్యవస్థను ఎక్కించాలి.

నేటి చిప్పుల డిస్కులలో ఈ అవకాశం తక్కువ. తుడిచిన గదులు ఏవో వ్యవస్థ తెలుపగానే డిస్కు వాటిని తానే ఖాళీ చేసికొంటుంది. అక్కడ పట్టీతోబాటు పుస్తకాలూ పోయినట్లే. సంకేతలిపిలో భద్రపరచిన డిస్కు అయితే దాని తాళపు సంఖ్య లేనిదే దొరికిన ముక్కలు కూడా నిరుపయోగం.

వ్యవస్థను ఎక్కించటం మాత్రం నేడు సులభమైనది. బాగున్న మరొక కంప్యూటరులో 8 గిగాబైట్ల పెన్‌డ్రైవు మీద వ్యవస్థ ప్రతిని సిద్ధం చేసికొని, చెడిన యంత్రం దానినుంచి మేలుకొనేటట్లు అమర్చితే గంట లోపున పని ముగుస్తుంది. 2015లో విండోస్ 10 వచ్చిన తరువాత, ఒకసారి అనుమతి పొందిన యంత్రాన్ని సంస్థ గుర్తుంచుకొంటుంది గనుక 25 అక్షరాల సంఖ్యను మళ్ళీ వెదకవలసిన అవసరం చాలావరకు తప్పినది.

ఇంత సులభం కావటానికి కారణమేమి? వ్యవస్థకు ప్రపంచంలో కోట్ల ప్రతులు ఉన్నవి. ఒక్కటి పోతే మరొకటి వస్తుంది. కాని అమ్మమ్మ ఫోటో, పదేండ్ల పద్దు, సగం వ్రాసిన పరిశోధన – వీటికి ఉన్నది ఒక్కటే ప్రతి. 1998లో అమెరికాలో పిక్సార్ సంస్థ టాయ్ స్టోరీ 2 అనే చలనచిత్రం తయారుచేస్తుండగా ఎవరో ఇచ్చిన ఒక్క తుడిపివేత ఆజ్ఞతో చిత్రంలో చాలాభాగం మాయమైనది. దాచిన ప్రతులు ఉన్నవి గాని అవి సరిగా పనిచేయటంలేదని అప్పుడు తెలిసినది. పసిబిడ్డ కారణంగా ఇంటినుంచి పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ అనే ఉద్యోగిని ఇంటి కంప్యూటరులో ఒక ప్రతి దొరికి చిత్రం బయటపడినది. కంప్యూటర్ల వ్యవస్థకు ఆ సంస్థలో కొరత లేదు. కొరత అయినది పనికి రెండవ ప్రతి.

దూరంనుంచి వచ్చే తొలి అక్షరం

2011లో ఆపిల్ సంస్థ తన యంత్రాలకు ఒక క్రొత్త సౌకర్యం కల్పించినది. డిస్కు పూర్తిగా ఖాళీ అయినా యంత్రం ఇంటర్నెట్ ద్వారా దూరాననున్న కంప్యూటరుకు కబురుపెట్టి వ్యవస్థను తెప్పించుకొంటుంది. 2020లో విండోస్ కూడా వ్యవస్థ ప్రతిని ఇంటర్నెట్‌నుంచే దించుకొని మళ్ళీ నెలకొల్పే పద్ధతిని చేర్చుకొన్నది. వ్రేళ్ళలో, తీగలలో, చిప్పులో, ఫ్లాపీలో, సీడీలో ఉండిన తొలి అక్షరం ఇప్పుడు సముద్రాలకు ఆవల చేరినది.

ఇందులోని బలహీనత అమలాపురం ప్రజలకు ఇతరులకంటె బాగా తెలుసు. జిల్లా పేరు విషయమై 2022 మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్ల తరువాత కోనసీమలో ఇంటర్నెట్‌ను అధికారులు అనేక రోజులపాటు నిలిపివేసినారు. ఇంటినుంచే దూరనగరాల ఉద్యోగాలు చేసేవారు సిగ్నలు దొరికే ప్రదేశాలు వెదకుకొనవలసి వచ్చినది. అట్టి రోజులలో ఒక కంప్యూటరు డిస్కు తుడుచుకొనిపోతే, దూరంనుంచి వ్యవస్థను తెప్పించుకొనే ఉపాయం ఎందుకూ కొరగాదు. బల్ల సొరుగులో పెన్‌డ్రైవు ఉన్నవాడే ఆ పూట పని సాగించగలడు.

2024 జులై 19న ఇంకొక పాఠం ప్రపంచమంతా నేర్చుకొన్నది. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలు వలన సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు మేలుకొనలేకపోయినవి. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతివ్రాతతో బోర్డింగ్ పాసులు ఇచ్చినారు. సరిదిద్దిన ఫైలు కొద్ది గంటలలోనే సిద్ధమైనది గాని, నిద్రలేవని యంత్రం దానిని అందుకొనలేదు. చాలాచోట్ల మనుషులే ఒక్కొక్క యంత్రం దగ్గరకు వెళ్ళి, చేతితో బాగుచేయవలసి వచ్చినది. ఎడ్‌సాక్ నాటి ప్రశ్న 75 సంవత్సరాల తరువాత కూడా అట్లాగే నిలిచి ఉన్నది.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన పెనుతుఫాను కోనసీమలో వందలాది ప్రాణాలను బలిగొని, కొబ్బరితోటలను విస్తారంగా నేలకూల్చినది. దేశవాళీ మొక్క నాటితే కాపుకు రావటానికి ఆరేడు సంవత్సరాలు పడుతుంది. ఇల్లు కూలి తడిసిపోయిన కాగితాలైతే ఎన్ని సంవత్సరాలకైనా తిరిగిరావు. నీరూ గాలీ ఎరిగిన సీమలో రైతు విత్తనపు వడ్లను తిండిగింజలతో కలిపి ఒకే చోట పోయడు. కంప్యూటరు వాడేవారు చేయవలసినదీ అంతే. వ్యవస్థను ఎక్కించే పెన్‌డ్రైవు ఒకటి యంత్రానికి వెలుపల ఉండాలి. తెలుగు అక్షరాల సామగ్రి దానితోనే ఉండాలి. సొంత వ్రాతలకు ఒక ప్రతి అదే ఇంట్లో వేరే డిస్కులోనూ, మరొక ప్రతి వేరే ఊరిలోనూ ఉంచాలి. నెలకొకసారి ఆ ప్రతిని తెరచి, అది నిజంగా చదువబడుచున్నదో లేదో చూచుకొనాలి.